పాటల కోసం వచ్చిన అమ్మాయి

ఆ ఏడాది తిరువూరు చుట్టుపక్కల ఊళ్ళలో నన్ను చూసి భయపడని వాళ్ళు తక్కువ. గొప్పకు చెప్పుకుంటున్న మాట కాదిది. అప్పటికి నాకు పాతికేళ్ళు నిండలేదు. పీలగా ఉండేదాన్ని, ఏం మాట్లాడినా గొంతు సగమే బయటికొచ్చేది. అయినా రైతులు నన్ను ల్యాండ్ సీలింగు ఆఫీసు పంపిన మనిషి అనుకున్నారు. కూలీలు పోలీసుల మనిషి అనుకున్నారు. పోలీసులేమో ఖమ్మం అడవుల్లో తిరిగేవాళ్ళ మనిషి అనుకున్నారు. వీళ్ళందరికంటే నేనే ఎక్కువ భయపడుతున్నానన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు.

నేను యూనివర్సిటీలో రాజనీతి శాస్త్రంలో పరిశోధన చేస్తుండేదాన్ని. ఊరి వ్యవహారాల్లో మామూలు మనుషులు ఎంతవరకు పాలుపంచుకుంటున్నారు, పొలం ఉన్నవాడి మాటకూ లేనివాడి మాటకూ ఎంత తేడా ఉంది అన్నది నా విషయం. లైబ్రరీలో కూర్చుని పుస్తకాలు చదివి రాసేయొచ్చన్న ధైర్యంతో ఆ విషయం తీసుకున్నాను. మా గైడుగారు ఒప్పుకోలేదు. "మీటింగు ఎలా జరుగుతుందో మీటింగులో కూర్చుంటేనే తెలుస్తుందమ్మా" అన్నారు. డెల్టా ఊళ్ళలో అప్పటికే వేరేవాళ్ళు పని చేస్తున్నారు కాబట్టి నన్ను మెట్ట ప్రాంతానికి పొమ్మన్నారు. అలా డెబ్భై అయిదు వేసవిలో బెజవాడలో బస్సెక్కి తిరువూరులో దిగాను. దిగిన మరుక్షణమే, మా నాన్న వద్దన్నప్పుడు వినుంటే బాగుండేదనిపించింది.

బస్టాండు వెనక సందులో ఒక రిటైరైన మాస్టారి ఇంట్లో గది దొరికింది. వాళ్ళ వంశంలో పెద్దవాళ్ళు గుడి అర్చకులు. ఈయన మాత్రం చదువుకుని హైస్కూల్లో తెలుగు చెప్పారు. ఆ తాలూకాలో పంచె కట్టుకుని తిరిగే మగవాళ్ళలో సగం మంది ఆయన చేతి బెత్తం రుచి చూసినవాళ్ళే. మనిషి మెత్తన, మాట మెత్తన. ఆయన భార్యను నేను పిన్నిగారూ అనేదాన్ని. వాళ్ళబ్బాయి బెజవాడలో ప్రభుత్వ ఉద్యోగం. ఆ ఉద్యోగం ప్రస్తావన లేకుండా ఆ ఇంట్లో పూట గడిచేది కాదు.

రోజూ పొద్దున్నే గంపలగూడెం వైపు వెళ్ళే బస్సెక్కి, ఏదో ఒక ఊరి దగ్గర దిగి, డొంక వెంబడి నడుచుకుంటూ లోపలికి పోయేదాన్ని. నా ప్రశ్నల్లో చాలావరకు ఎవరినీ నొప్పించనివి. పోయినసారి ఓటు వేశారా, పంచాయతీ ప్రెసిడెంటు ఎవరో తెలుసా, పంచాయతీ సమితి ఆఫీసుకి ఎప్పుడైనా వెళ్ళారా, ఇలాంటివి. రైతులు అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి ఓపిగ్గానే చెప్పేవాళ్ళు. మధ్యలో పొలం గురించిన ప్రశ్న వచ్చేది. అక్కడికొచ్చేసరికి నాకు చెమటలు పట్టేవి.

"మీకు పొలం ఎంతుందండీ?"

"ఏదో ఉందిలేమ్మా, దేవుడిచ్చింది."

"ఎకరాల్లో చెబితే..."

"ఎకరాలంటే? మా తమ్ముడిదీ, మా ఆవిడదీ, మా అత్తగారిదీ కలిపా, విడివిడిగానా? అసలు మీరు ఏ ఆఫీసండీ?"

నాది ఆఫీసు కాదని, చదువు కోసమని చెప్పేదాన్ని. చదువు కోసమైతే మా పొలం ఎందుకమ్మా అనేవాళ్ళు. సీలింగు చట్టం కింద ఎవరి భూమి ఎంతో రాసివ్వాల్సిన రోజులవి. ఒక ఊళ్ళో నేను వీధి మొదట్లో కనబడగానే లోపల గడియలు పడిన చప్పుడు వరసగా వినిపించింది. ఆ చప్పుడు వింటూ నడిరోడ్డు మీద నిలబడిపోయాను. ముందుకు పోవడానికీ భయమే, వెనక్కి తిరిగితే నవ్వుతారని అదో భయం.

కూలీలు ఉండే పేటలో ఇంకో రకంగా ఉండేది. అక్కడ వేయడానికి తలుపులు ఉండేవి కావు. నన్ను చూడగానే మగవాళ్ళు పని ఉన్నట్టు లేచి వెళ్ళిపోయేవాళ్ళు. ఆడవాళ్ళు మిగిలేవాళ్ళు, వాళ్ళూ తల వంచుకుని చేటలో బియ్యం ఏరుకుంటూ ఉండేవాళ్ళు. గంపలగూడెం రోడ్డులోని ఒక ఊళ్ళో నాతో మొదట మాట కలిపింది, నాట్లేసే ముఠాకి పెద్దగా ఉండే ఒకావిడ. నలభై ఏళ్ళుంటాయేమో. రైతులు కూలీలు కావాలంటే ఆమెకు కబురు పెట్టేవారు. ఆమె ముఠాను కూడగట్టుకుని వెళ్ళేది. మిగిలినవాళ్ళు ఆమె మొహం చూసి ఆ తర్వాతే నోరు విప్పేవాళ్ళు.

"నిన్నెవురు పంపారమ్మా?" అంది మొదటిరోజు.

"ఎవరూ పంపలేదండీ. మీతో మాట్లాడదామని నేనే వచ్చాను."

ఆమెను 'అండీ' అన్నందుకు వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె నవ్వలేదు. చేటతో నేల మీద దుమ్ము విసిరినట్టు ఒక ఊపు ఊపి, కూర్చోమంది. నేను మొదటి ప్రశ్నలు అడిగాను. ఓటు వేసింది. ఎవరికి వేయమంటే వాళ్ళకి వేసింది. గ్రామసభకు ఎప్పుడైనా వెళ్ళారా అని అడిగాను.

"అదేంటి?"

"పంచాయతీ ఆఫీసు దగ్గర పెడతారండీ. ఊళ్ళో ఓటున్న వాళ్ళందరూ రావచ్చు."

"అందరూ అంటే?"

"మీరు కూడా."

"వచ్చి?"

"ఊరికి ఏం కావాలో అడగొచ్చు."

ఆమె చేట కింద పెట్టింది. "అడిగితే ఏమవుద్ది?" అంది.

నా ప్రశ్నలకు ఎవరూ ఎదురు ప్రశ్న వేస్తారని నేను అనుకోలేదు. "ఏమీ కాదండీ, అది మీ హక్కు" అన్నాను. పుస్తకాల్లో అలాగే ఉంది. ఆమె మళ్ళీ చేట అందుకుంది. నాకు మంచినీళ్ళు కావాలంటే పక్కింటి బిందెలోంచి వంచి తెచ్చిచ్చింది. ఆ నీళ్ళు ఉప్పగా, మట్టివాసనతో ఉన్నాయి. ఊళ్ళో మూడు బోరింగులుంటే పేటలో ఒక్కటీ లేదని, రైతుల బోరింగు దగ్గరకు వెళితే అందరూ పట్టుకున్నాక పట్టుకోవాలని అప్పుడే తెలిసింది.

జూన్ మొదట్లో ఆ ఊళ్ళో గ్రామసభ జరిగింది. పంచాయతీ ఆఫీసు వరండాలో ప్రెసిడెంటుగారు కుర్చీలో కూర్చున్నారు. పక్కన కరణం, ఇంకో పక్క సమితి నుంచి వచ్చిన గ్రామసేవక్. ఎదురుగా రైతులు చాపల మీద కూర్చున్నారు. నాకు ఒక స్టూలు వేశారు. వడగాడ్పు కొడుతోంది. గ్రామసేవక్ ఎరువుల గురించి చదువుతున్నాడు, ఎవరూ వినడం లేదు. అంతలో వేపచెట్టు కింద చీరల రంగులు కనబడ్డాయి. ముఠా ఆడవాళ్ళు వచ్చి నిలబడ్డారు. ముందు ఆమె.

ప్రెసిడెంటుగారు నవ్వుతూ, "ఏంటే, మందంతా వచ్చారు? సినిమా వేత్తన్నారని చెప్పారా ఎవరన్నా?" అన్నారు. చాపల మీద వాళ్ళంతా నవ్వారు. నవ్వు ఆగేదాకా ఆమె నిలబడింది. తర్వాత, పెద్దగా కాదు గానీ అందరికీ వినపడేలా, "మా పేటలో బోరింగు ఎప్పుడేత్తారండీ?" అంది.

అంతే. ఆ ఒక్క మాటే. ఇన్నేళ్ళలో దేశంలోని ఎన్నో చోట్ల ఎన్నో సభల్లో కూర్చున్నాను. అలాంటి నిశ్శబ్దం మళ్ళీ వినలేదు. ఒకాయన తువ్వాలు దులపబోయి మధ్యలో ఆపేశాడు. ప్రెసిడెంటుగారు ఆమె వైపు చూడలేదు. నా వైపు చూశారు. చాపల మీదున్న తలలన్నీ ఒకటొకటిగా నా వైపు తిరిగాయి.

"ఈ మాట నీది కాదే" అన్నారాయన, నన్నే చూస్తూ. "ఎవరు అడగమన్నారు?"

"ఎవురూ అడగమనలేదండీ. నీళ్ళు లేవండీ."

"చూద్దాంలే" అని ఆయన లేచారు. సభ అయిపోయింది. రోడ్డు దాకా ఎలా నడిచానో నాకు గుర్తులేదు. బస్సులో కూర్చున్నాక చూసుకుంటే, చేతిలో పెన్ను మూత లేకుండా ఉంది, చీరకంతా సిరా.

వారం తిరక్కుండానే ప్రెసిడెంటుగారు మాస్టారింటికి వచ్చారు. తెల్లని బట్టల్లో, వెనక ఒక మనిషి మామిడిపళ్ళ గంప మోసుకుంటూ. ఆయన కూడా మాస్టారి శిష్యుడే. వంగి కాళ్ళకు దండం పెట్టి, కుశలం అడిగి, అరుగు మీద మాస్టారికి ఒక మెట్టు కిందే కూర్చున్నారు.

"అమ్మాయిగారూ, మా తోటలో రసాలండీ. మీ కోసమే తెచ్చా" అన్నారు.

నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను.

"ఎండలు మండిపోతన్నాయి. ఒంటరిగా డొంకల్లో తిరగమాకండి. పాములుంటాయి. మీరెవరో నాకైతే తెలుసు గానీ మా కుర్రాళ్ళకి తెలీదు కదా. ఆడపిల్ల, పరాయి ఊరు. ఏదన్నా జరిగితే మాస్టారికి నేనేం సమాధానం చెప్పుకోవాలి?"

ఒక్క మాట కూడా కటువుగా లేదు. నవ్వుతూనే అన్నారు. ఆయన వెళ్ళాక పిన్నిగారు పళ్ళు కడిగి పళ్ళెంలో పెట్టారు. నేను ఒక్కటీ ముట్టుకోలేదు. అప్పటి నుంచి బస్సులో నా వెనక సీటులో మగమనిషి కూర్చుంటే దిగేదాకా మెడ బిగుసుకుపోయి ఉండేది. ఆ ఊరు మానేసి ఎ.కొండూరు వైపు ఊళ్ళకు వెళ్ళడం మొదలుపెట్టాను. ముఠా పెద్దావిడకు ఏమైందో కనుక్కోవాలని రోజూ అనుకునేదాన్ని, రోజూ గంపలగూడెం బస్సు వదిలేసేదాన్ని. చివరికి వార్త దానంతటదే వచ్చింది. పక్క ఊరి కూలీ ఒకతను చెప్పాడు: ఆ ముఠాను ఆ ఏడాది ఊళ్ళో ఎవరూ నాట్లకు పిలవకూడదని అనుకున్నారట.

జూన్ నెలాఖరున రేడియోలో ఎమర్జెన్సీ అని చెప్పారు. మాస్టారు రేడియో చెవి తిప్పి గొంతు తగ్గించారు, అయినా చాల్లేదన్నట్టు కిటికీ మూశారు. అంతకుముందు ఇంటికొచ్చిన వాళ్ళకి నన్ను 'రాజకీయాల మీద పరిశోధన చేస్తున్న అమ్మాయి' అని గర్వంగా పరిచయం చేసేవారు. ఆ రోజు తర్వాత 'చదువుకుంటున్న అమ్మాయి' అనడం మొదలుపెట్టారు. బెజవాడలో ఎవరెవరినో తీసుకెళ్ళారని బస్సుల్లో గుసగుసలు. మా గైడుగారి దగ్గర్నుంచి, ఆరోగ్యం చూసుకో, తొందరపడకు అని రెండు ముక్కలు వచ్చాయి. నాకు ఆరోగ్యం బాగానే ఉంది.

వానలు పడ్డాయి. చెరువుల కింద నాట్లు మొదలయ్యాయి. ఒకరోజు ఉదయం మాస్టారు నన్ను కూర్చోమని, తాను నిలబడే ఉండి, తడబడుతూ చెప్పారు.

"అమ్మాయీ, నువ్వు తప్పు చేశావని కాదు. మా వాడిది గవర్నమెంటు ఉద్యోగం. రోజులా బాగాలేవు. ఇంకో చోట గది చూసుకుంటావా తల్లీ?"

అలాగేనండీ అన్నాను. ఆయన మీద కోపం రాలేదు. ఆయన స్థానంలో ఉంటే నేను ఆ మాట ఇంకా ముందే అనేదాన్ని. పిన్నిగారు వంటింట్లోంచి బయటకు రాలేదు.

నేను పెట్టె సర్దుకుంటుండగా వాకిట్లో సైకిలు ఆగింది. కానిస్టేబులు. ఎస్సైగారు రమ్మంటున్నారన్నాడు. నా చేతిలో మడత పెడుతున్న చీర జారిపోయింది. అప్పుడు మాస్టారు, ఎవరూ ఏమీ అడక్కుండానే, చిలక్కొయ్యకున్న చొక్కా తీసి తొడుక్కున్నారు. గుండీలు ఒకదానికొకటి తప్పి పెట్టుకున్నారు. "ఆడపిల్లని ఒక్కదాన్నే ఎలా పంపుతాను" అని ఎవరికి చెబుతున్నారో తెలియకుండా చెప్పి నాకంటే ముందు మెట్లు దిగారు. చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయారు.

స్టేషనులో ఎస్సై మర్యాదగానే కూర్చోమన్నాడు. చిన్నవాడే, నాకంటే అయిదారేళ్ళు పెద్దవాడేమో. యూనివర్సిటీ వాళ్ళిచ్చిన ఉత్తరం తిరగేసి చూశాడు.

"పొలిటికల్ సైన్స్ అంటే రాజకీయాలేగా?"

"శాస్త్రమండీ."

"శాస్త్రమో గీస్త్రమో. ఇప్పుడు రాజకీయాల మీద పరిశోధన ఏంటమ్మా? పేటలో కూలోళ్ళని పోగేసి ఏం చెప్పారు?"

"ఏమీ చెప్పలేదండీ. మీటింగులకి వెళతారా లేదా అని అడిగాను."

"ఏ మీటింగులు?"

గ్రామసభ అన్నాను. ఆ మాట ఆయనకు నచ్చినట్టు లేదు. అడవి వైపు ఎవరైనా తెలుసా, ఎవరైనా కలిశారా అని అడిగాడు. లేదని తల అడ్డంగా ఊపాను. ఎంతసేపు ఊపానో, మాస్టారు నా భుజం మీద చెయ్యి వేస్తే ఆపాను. "నేను పూచీ బాబూ" అన్నారు మాస్టారు. ఎస్సై ఉత్తరం మడిచి, "సరే, వాళ్ళనే అడుగుదాం పదండి" అని లేచాడు.

జీపులో వెనక నేనూ మాస్టారూ ఎదురెదురుగా కూర్చున్నాం. తిరువూరు బజారు గుండా వెళుతుంటే కొట్ల ముందున్నవాళ్ళు తలలు ఎత్తి చూసి వెంటనే దించుకున్నారు. దారంతా నా ఆలోచన ఒకటే. నేను అడిగినవి ఆమె ఉన్నదున్నట్టు చెబితే నేను స్టేషనులో చెప్పిన దానితో సరిపోతుంది. అప్పుడు వాళ్ళను రెచ్చగొట్టింది నేనే అంటారు. ఏమీ అడగలేదని చెబితే ఇద్దరిలో ఒకరం అబద్ధాలకోరు అవుతాం.

ముఠా ఊళ్ళో లేదు. పిలవనివాళ్ళ పొలాలు వదిలేసి, దూరంగా ఇంకో ఊరి సన్నకారు రైతు మడిలో నాట్లేస్తున్నారు. జీపు రోడ్డు మీద ఆగేసరికి వంగి ఉన్న నడుములన్నీ ఒక్కసారి లేచాయి. మోకాళ్ళ దాకా బురద, చేతుల్లో నారు కట్టలు. పని చేయించుకుంటున్న రైతు గొడుగు మడిచి గట్టు అవతలికి తప్పుకున్నాడు. ఎస్సై గట్టెక్కి, నన్ను పక్కన నిలబెట్టాడు.

"ఈ అమ్మాయి తెలుసా మీకు?"

వాళ్ళంతా ముఠా పెద్దావిడ మొహం చూశారు.

"మీ పేటకి ఎందుకొచ్చేది?"

ఆమె నన్ను చూసింది. నా మొహంలో ఏం కనబడిందో గానీ, చేతిలో నారు కట్ట మెల్లగా నీళ్ళలో వదిలింది.

"పాటల కోసమండీ" అంది.

"పాటలా?"

"అవునండీ. నాట్లేసేప్పుడు పాడుకుంటాం కదండీ. అయ్యి రాసుకుంటాదంటండీ, సదూకి."

వెనకున్నవాళ్ళు, "అవునండీ, పాటలేనండీ" అన్నారు. నన్ను కాపాడాలనే అన్నారు. నాకు మాత్రం కాళ్ళ కింద గట్టు కరిగిపోతున్నట్టనిపించింది. నేను స్టేషనులో మీటింగుల సంగతి చెప్పేశానని వాళ్ళకు తెలియదు. ఎస్సై మెడ తిప్పి నన్ను చూశాడు. కాదంటే వాళ్ళు అబద్ధం చెప్పినవాళ్ళవుతారు. అవునంటే నేను చెప్పింది అబద్ధమవుతుంది.

"పాటలు కూడా అడిగానండీ" అన్నాను. 'కూడా' అన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలియదు.

"అయితే ఒకటి పాడండి, విందాం."

నాకు ఒక్క పాట కూడా రాదు. చినుకులు పడుతున్నాయి. మాస్టారు గట్టు మీద ఒట్టికాళ్ళతో నిలబడి కళ్ళు మూసుకున్నారు. నేను నోరు తెరిచాను, గాలి తప్ప ఏమీ రాలేదు.

"అమ్మాయిగారికి సిగ్గండీ" అంది ఆమె. "మేం ఎత్తుకుంటే అందుకుంటాది." అని, ఎస్సై ఒప్పుకునేదాకా ఆగకుండా, పాట ఎత్తుకుంది.

ఆమె ఒక చరణం పాడితే అదే చరణం ముఠా అంతా తిరిగి పాడాలి, ఆ పాట తీరు అది. రెండో చరణానికి నాకు ఆ సంగతి అర్థమైంది. మూడోసారి వాళ్ళతో గొంతు కలిపాను. శ్రుతి లేదు, లయ లేదు. ఆమె నా వైపే చూస్తూ ఒక్కో మాటా విడివిడిగా, చంటిపిల్లకు అన్నం పెట్టినట్టు పలికింది. నేను అందుకున్నాను. కన్నీళ్ళు వస్తున్నాయో వాన పడుతోందో తెలియలేదు. పక్కన మాస్టారి వేళ్ళు తొడ మీద తాళం వేస్తున్నాయి. ఆ పాట అంబలి పలచగా పోసి, పొద్దుగూకినా గట్టెక్కనివ్వని ఒక పిసినారి ఆసామి మీద కట్టిన పాట. ఆ అర్థం నాకు తిరిగి వెళ్ళేప్పుడు జీపులో గాని తట్టలేదు. ఎస్సైకి తట్టిందో లేదో తెలియదు. తట్టినట్టు కనబడలేదు.

పాట అయ్యాక ఎస్సై గట్టు దిగాడు. తిరువూరు పొలిమేరలో జీపు ఆపించి వెనక్కి తిరిగాడు.

"నేను పాటలనే రాసుకుంటానమ్మా. పైనించి అడిగేవాళ్ళు నాకూ ఉన్నారు. రాజకీయాలని రాస్తే మిమ్మల్ని బెజవాడ పంపాలి, వాళ్ళని తేవాలి, అప్పుడు ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావని నన్నడుగుతారు. పొద్దున్నే బస్సుకి వెళ్ళిపోండి. మళ్ళీ ఈ చుట్టుపక్కల కనబడమాకండి."

ఆయన మొహం కూడా చెమటతో తడిసి ఉంది. ఆ రోజు గట్టు మీద భయపడనివాడు ఎవరైనా ఉన్నారా అని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. గొడుగు మడిచిన రైతుతో సహా ఎవరూ లేరు.

పొద్దున మాస్టారూ పిన్నిగారూ ఇద్దరూ బస్టాండుకి వచ్చారు. పిన్నిగారు పులిహోర పొట్లం కిటికీలోంచి అందించారు. బస్సు కదిలేదాకా మాస్టారు అటూ ఇటూ చూస్తూనే ఉన్నారు.

యూనివర్సిటీకి వెళ్ళాక కూడా భయం పోలేదు. హాస్టలు గేటు దగ్గర ఖాకీ బట్టలు కనబడితే పోస్టుమాన్ అని తెలిసినా ఆగిపోయేదాన్ని. రాసిన అధ్యాయాలు గైడుగారికి ఇచ్చాను. కూలీ కుటుంబాల వాళ్ళు సభలకు రారు, వచ్చినా మాట్లాడరు అన్న చోట ఆయన పక్కన రాశారు, 'ప్రజా వ్యవహారాలపై ఉదాసీనత' అని. చాలా పెద్ద పుస్తకాల్లో ఉన్న మాటే అది. మనసున్న మనిషి, నాకు మేలు కోరి రాశారు. ఆ మాట చూడగానే నాకు ఒళ్ళు మండింది. అన్నాళ్ళలో భయం కాకుండా ఇంకొకటి తెలిసింది అప్పుడే.

"ఉదాసీనత కాదండీ. భయం" అన్నాను.

"భయాన్ని ఎలా కొలుస్తావమ్మా?"

తర్వాత నేను ఏ రాష్ట్రంలో, ఏ ఊళ్ళో పని చేసినా ఆ మాటకు సమాధానం వెతకడమే అయింది. మీరు సభలో మాట్లాడారా అని అడగడం మానేశాను. మాట్లాడితే మీకు ఏమవుతుంది, ఎవరు పని ఆపుతారు, ఎవరు మీ తరఫున నిలబడతారు అని అడగడం నేర్చుకున్నాను. వాటిని కూడా నలుగురి మధ్య కాదు, పొలం గట్ల మీద, మనుషులు పనిలో ఉన్నప్పుడు. తోటివాళ్ళు నన్ను భయాల మాస్టారమ్మ అని వేళాకోళం చేసేవాళ్ళు. చేస్తే చేశారు.

ఎమర్జెన్సీ పోయింది. డెబ్భై ఎనిమిదిలో ఎన్నికలు కూడా అయిపోయాక, అప్పటికి నాకు లెక్చరర్ ఉద్యోగం వచ్చింది, మళ్ళీ తిరువూరు వెళ్ళాను. గంపలగూడెం బస్సెక్కి ఆ స్టాపులో దిగేసరికి పాత భయం అలాగే లేచింది. మాస్టారు చెప్పారు, ఆ ఎస్సై ఎప్పుడో బదిలీ అయిపోయాడని. ప్రెసిడెంటుగారు మాత్రం ఆయనే.

పేట మధ్యలో బోరింగు ఉంది. ఆడపిల్లలు బిందెలు పెట్టుకుని నీళ్ళు కొట్టుకుంటున్నారు. ఆమె నన్ను గుర్తుపట్టి, "ఓయమ్మో, పాటలమ్మాయొచ్చింది!" అని పెద్దగా నవ్వింది. పత్తి ఏరి అప్పుడే వచ్చినట్టుంది, జుట్టుకు దూది పోగులున్నాయి. మంచం వాల్చి కూర్చోబెట్టింది.

ఆ ఏడాదంతా ఊళ్ళో పని లేదట. తెల్లారకముందే లేచి ఎ.కొండూరు వైపు నడిచి పోయేవాళ్ళట. మరుసటి ఏడు వానలు ఆలస్యమై నాట్లన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. కూలీలు దొరక్క ఊళ్ళోవాళ్ళే మళ్ళీ కబురు పెట్టారు.

"మరి బోరింగు?"

"ముందు ఆళ్ళ పసువుల కొట్టం పక్కన ఏశారమ్మా, పేట పేరు జెప్పి. అప్పుడు మళ్ళీ అడిగా."

"మళ్ళీ మీటింగులోనా?"

"ఆ."

"భయం వేయలేదూ?"

"మొదటిసారి కంటే రెండోసారే ఎక్కువేసింది. మొదటిసారి ఏమవుద్దో తెలీదు. రెండోసారి తెలుసుగా." తల్లో దూది పోగు తీసి పారేసింది. "అందుకే ఒక్కదాన్నే నిలబళ్ళా. ముఠా అంతా ఒకళ్ళ చెయ్యొకళ్ళం పట్టుకుని నిలబడ్డాం. ఒకళ్ళు ఒణికితే ఇంకొకళ్ళు గట్టిగా పట్టుకునేవోళ్ళు. మా ఆయనైతే ఆ పొద్దు ఊళ్ళోనే లేడు, చుట్టాలింటికి పోయాడు." అని మళ్ళీ నవ్వింది.

సాయంత్రం దాకా అక్కడే ఉన్నాను. పత్తి కూలి రేట్ల గురించి, కూతురి కాన్పు గురించి, సమితి వాళ్ళు ఇస్తామన్న గేదెల గురించి మాట్లాడింది. పొద్దు వాలుతుండగా లేచాను. డొంక దారి వైపు చూసి నేను జంకడం ఆమె చూసింది. ఇద్దరు ఆడవాళ్ళను కేకేసి నాతో పంపింది. వాళ్ళు నాకు అటొకరు ఇటొకరు నడిచారు. తిరువూరు బస్సు బాగా ఆలస్యంగా వచ్చింది. అది వచ్చి, నేను ఎక్కి సీటులో కూర్చునేదాకా వాళ్ళు రోడ్డు పక్కనుంచి కదల్లేదు.